రూపాయి కడితే 40 పైసలేనా? కేంద్రం, రాష్ట్రాలు, పంచాయతీల పన్నుల పంపకంపై లెక్కలతో చర్చ

కృష్ణాతీరం:
దక్షిణాది రూపాయి కడితే ఢిల్లీ నుంచి 40 పైసలే వెనక్కి వస్తున్నాయని ఒక వాదన. అలా అడగడమే దేశ సమైక్యతకు చేటని ఇంకో వాదన. రెండు వైపులా గొంతులు పెద్దవే కానీ లెక్క విప్పి చూపేవాళ్లు తక్కువ. అందుకే ఈ థ్రెడ్. వాటా ఎలా లెక్కగడతారు? డబ్బు ఎక్కడెక్కడ జారిపోతుంది? అందులో కేంద్రం బాధ్యత ఎంత, రాష్ట్రానిది ఎంత, వ్యాపారిది, పంచాయతీది ఎంత? తెలిసినవాళ్లు అంకెలతో రాయండి. పార్టీల గొడవ ఇక్కడ వద్దు.

లెక్కలపద్దు:
రాజ్యాంగం 280వ అధికరణం కింద ఐదేళ్లకోసారి ఆర్థిక సంఘాన్ని వేస్తారు. అది రెండు సంగతులు తేలుస్తుంది: కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి ఎంత ఇవ్వాలి, దాన్ని రాష్ట్రాల మధ్య ఎలా పంచాలి. 14వ సంఘం 42 శాతం ఇమ్మంది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక 15వ సంఘం దాన్ని 41 చేసింది.

2021-26 కాలానికి వాడిన తూకాలు ఇవి: తలసరి ఆదాయ దూరం (ధనిక రాష్ట్రం కన్నా ఎంత వెనక ఉందో) 45, 2011 జనాభా 15, విస్తీర్ణం 15, జనాభా నియంత్రణ 12.5, అడవులు-పర్యావరణం 10, పన్ను వసూలు కృషి 2.5. వీటిని కలిపితే ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం వచ్చాయి. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలో రాష్ట్రాల వాటా మొత్తం 14.22 లక్షల కోట్లు. అంటే ఏపీకి 57,566 కోట్లు, తెలంగాణకు దాదాపు 29,900 కోట్లు. వాటాలో 0.1 శాతం తేడా వస్తే ఏడాదికి 1,422 కోట్లు అటూ ఇటూ అవుతాయి. దశాంశ బిందువు తర్వాతి అంకెల కోసం రాష్ట్రాలు కొట్లాడేది ఇందుకే.

మన వాటా తగ్గిన మాట నిజం. ఉమ్మడి రాష్ట్రానికి 2000-05లో 7.701, 2005-10లో 7.356, 2010-15లో 6.937. విభజన తర్వాత రెండింటినీ కలిపి చూస్తే 2015-20లో 6.742, 2021-26లో 6.149. 2026 దాకా పాతికేళ్లు దిగుతూనే వచ్చింది. ఎందుకు దిగిందన్న దగ్గరే అసలు చర్చ మొదలవ్వాలి.

ఓరుగల్లు:
లెక్క మంచిగ చెప్పిండ్రు అన్నా. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. హైదరాబాద్ నుంచి ఆదాయ పన్ను, కంపెనీ పన్ను, కేంద్ర జీఎస్టీ అన్నీ కలిపి ఢిల్లీకి పోయేది ఎంత, 2021-26ల మాకు వచ్చిన 2.102 శాతం ఎంత? కష్టపడి ఎదిగిన రాష్ట్రానికి ఎదిగినందుకే కోత పెడితే, రేపు ఎదగాలని ఎవరికి ఉంటది? ఇది అడిగితె సమైక్యతకు వ్యతిరేకం ఎట్లయితది?

లెక్కలపద్దు:
ఓరుగల్లు గారూ, అడగడం తప్పే కాదు. అయితే 'ఢిల్లీకి పోయేది' అన్న అంకెను జాగ్రత్తగా వాడాలి. ప్రత్యక్ష పన్నుల వసూళ్లను రాష్ట్రాలవారీగా చూపే పట్టికలు, పన్ను ఎక్కడ జమ అయిందో చెబుతాయి. ఆదాయం ఎక్కడ పుట్టిందో చెప్పవు. ముంబైలో ప్రధాన కార్యాలయం ఉన్న బ్యాంకుకు కర్నూలు శాఖలో లాభం వచ్చినా పన్ను మహారాష్ట్ర లెక్కలోకి పోతుంది. అలాగే హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మందుల కంపెనీ దేశమంతా అమ్మి సంపాదించిన లాభం మీద పన్ను తెలంగాణ ఖాతాలో కనిపిస్తుంది. విశాఖ రేవులో దిగిన సరుకు కస్టమ్స్ సుంకం ఏపీలో వసూలైనట్టు ఉంటుంది, ఆ సరుకు ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో వాడినా సరే. అందుకని 'ఇచ్చిన రూపాయి' అన్న హారమే గట్టిది కాదు. 40 పైసలు అన్నా, 60 పైసలు అన్నా అదే లోపం.

ఇక రెండో వైపు. ఆదాయ దూరం లెక్క చిన్న ఉదాహరణతో చూడండి. అంకెలు లెక్క సులువు కోసం నేను వేసుకున్నవి. ప్రమాణంగా తీసుకున్న రాష్ట్రం తలసరి ఆదాయం 2,50,000. 'బి' రాష్ట్రానిది 2,00,000, జనాభా 5 కోట్లు. 'సి' రాష్ట్రానిది 75,000, జనాభా 20 కోట్లు. 'బి' దూరం 50,000, 'సి' దూరం 1,75,000. ఈ దూరాన్ని మళ్లీ జనాభాతో గుణిస్తారు. 'బి'కి 2.5 లక్షల పాళ్లు, 'సి'కి 35 లక్షల పాళ్లు. జనాభా నాలుగింతలే, వాటా మాత్రం పద్నాలుగింతలు. పైగా 15 శాతం తూకం విడిగా జనాభాకు ఉండనే ఉంది. అంటే 45, 15 కలిపి 60 శాతం తూకంలో జనాభా నేరుగానో గుణకంగానో పనిచేసింది. మన వాటా దిగడానికి ప్రధాన కారణం ఇక్కడుంది: తలసరి ఆదాయం పెరిగింది, దేశ జనాభాలో మన భాగం తగ్గింది.

పేద రాష్ట్రంలో పుట్టిన బిడ్డకూ బడి, ఆసుపత్రి ఉండాలంటే ఈ సూత్రం అక్కర్లేదని నేను అనను. అదే రాజ్యాంగం మాట. కానీ 2.5 శాతమే పన్ను వసూలు కృషికి ఇవ్వడం చాలా తక్కువ అని నా గట్టి అభిప్రాయం.

సీమగాలి:
ఒక సంగతి మరవకండి. ఏపీ కూడా ఈ ఉమ్మడి సొమ్ము నుంచి తీసుకున్న రాష్ట్రమే. 15వ సంఘం కాలంలో రెవెన్యూ లోటు గ్రాంటు (రోజువారీ ఖర్చులకు రాబడి చాలని రాష్ట్రానికి ఇచ్చేది) కింద ఐదేళ్లకు దాదాపు 30 వేల కోట్లు ఏపీకి సిఫార్సు అయింది. తెలంగాణకు ఆ కాలంలో ఆ గ్రాంటు లేదు. బీహారుకు ఎందుకిస్తారని అడిగేముందు, మనకూ ఎవరో ఇచ్చారన్నది గుర్తుండాలి.

లెక్కలపద్దు:
సీమగాలి గారన్నది సరైన మాట. నిలదీయాల్సిన అసలు చోటు బీహారు కాదు, పన్నుల మీద కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు. 270, 271 అధికరణాల ప్రకారం ఇవి రాష్ట్రాలతో పంచే మొత్తంలోకి రావు. కేంద్రం స్థూల పన్ను ఆదాయంలో వీటి భాగం 2011-12లో దాదాపు పదో వంతు, 2020-21 నాటికి దాదాపు ఐదో వంతు అయింది. ఫలితం చూడండి. 2025-26 అంచనాల్లో కేంద్రం స్థూల పన్ను ఆదాయం 42.70 లక్షల కోట్లు, రాష్ట్రాలకు ఇచ్చేది 14.22 లక్షల కోట్లు. భాగిస్తే 33.3 శాతం. కాగితం మీద 41, చేతికి 33. మధ్యలో సెస్సులు, సర్‌చార్జీలు, వసూలు ఖర్చులు పోతాయి.

పెట్రోలు బంకు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు 21 రూపాయల 90 పైసలు అయింది. అందులో మూల ఎక్సైజు 1.40, ప్రత్యేక అదనపు ఎక్సైజు 13, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 2.50, రోడ్డు సెస్సు 5. రాష్ట్రాలతో పంచేది ఆ 1.40 మాత్రమే. దానిలో 41 శాతం అంటే 57 పైసలు, అదీ రాష్ట్రాలన్నిటికీ కలిపి. వినియోగదారు కట్టింది దాదాపు 22 రూపాయలు. సమైక్య రాజ్యంలో పన్నులు ఉమ్మడివి అన్నప్పుడు ఇంత భాగాన్ని పంపకం బయట పెట్టడం సరికాదు. ఇది ఒక ప్రభుత్వంతో మొదలైంది కాదు, ఒక ప్రభుత్వంతో ఆగిందీ కాదు.

కృష్ణాతీరం:
మరి రాష్ట్రాలు చేసేదో? తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఏపీలో 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. అందులో ఊరికి ఎంత వెళ్తోంది? పెట్రోలు, డీజిలును జీఎస్టీలోకి తెద్దామంటే వెనక్కి తగ్గేది రాష్ట్రాలే కదా.

ఓరుగల్లు:
అది ఒప్పుకుంటా. కానీ రాష్ట్రం చేతిల సొంతంగా రేటు పెట్టుకునే పెద్ద పన్నులు ఇంకేమున్నయి? పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. మిగిలిందంతా కేంద్రం, రాష్ట్రాలు కలిసి రేట్లు తేల్చే జీఎస్టీ మండలికి అప్పజెప్పినం. ఉన్న రెండు మూడూ వదులుకొమ్మంటే, వరదో కరువో వస్తే జీతాలకు ఎక్కడికెళ్లాలె?

నిర్వాహకుడు:
నాయకుల మీద వ్యక్తిగత వ్యాఖ్యలున్న రెండు పోస్టులు తీసేశాం. అంకెకు అంకెతోనే జవాబివ్వండి.

ఇన్వాయిస్:
అందరూ ఆర్థిక సంఘం దగ్గరే ఆగారు. రోజువారీగా రాష్ట్రం డబ్బు జారిపోయే ఇంకో చోటు ఐజీఎస్టీ, అంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మే సరుకు మీద పడే జీఎస్టీ. ఇక్కడ తప్పు ఢిల్లీది కాదు, బిల్లు రాసేవాళ్లది, రిటర్ను వేసేవాళ్లది. జీఎస్టీ సరుకు తయారైన చోటికి కాదు, వాడే చోటికి చెందుతుంది. ఇది అందరికీ తెలుసు. ఎలా చేరుతుందో తెలిసినవాళ్లు తక్కువ.

నల్గొండ జిల్లా ఫ్యాక్టరీ నుంచి గుంటూరు డీలరు లక్ష రూపాయల సిమెంటు కొన్నాడనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద 18 శాతం, అంతకుముందు 28. ఐజీఎస్టీ 18,000 కేంద్రం దగ్గర జమ. డీలరు అదే సిమెంటును గుంటూరులో 1,10,000కు అమ్మాడు. సీజీఎస్టీ (కేంద్ర భాగం) 9,900, ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర భాగం) 9,900 కట్టాలి. అతని చేతిలో 18,000 ఐజీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను, అమ్మినప్పుడు కట్టేదాంట్లో తగ్గించుకోవచ్చు) ఉంది. సీజీఎస్టీకి 9,900 వాడి, మిగిలిన 8,100 ఎస్‌జీఎస్టీకి వాడి, 1,800 నగదుగా కట్టాడు. కేంద్రం ఆ 8,100ను ఏపీకి బదిలీ చేస్తుంది. 1,800 నగదు నేరుగా ఏపీకి. మొత్తం 9,900. క్రెడిట్‌ను తిరగేసి వాడినా ఏపీకి వచ్చేది 9,900యే. అటు నల్గొండ ఫ్యాక్టరీ తన ఐజీఎస్టీ కట్టడానికి తెలంగాణ ఎస్‌జీఎస్టీ క్రెడిట్ 5,000 వాడి ఉంటే, తెలంగాణ ఖజానా ఆ 5,000 కేంద్రానికి తిరిగి ఇస్తుంది. రెండు రాష్ట్రాల మధ్య ఒక్క ఉత్తరం కూడా నడవకుండా లెక్క సరిపోతుంది. 2017కు ముందు కేంద్ర అమ్మకపు పన్ను, సి-ఫారం, సరిహద్దు చెక్‌పోస్టు చూసినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

గొలుసు ఎక్కడ తెగుతుందంటే, ఆ సిమెంటును డీలరు కాకుండా గుంటూరులోని ఒక ఆసుపత్రి సొంత భవనానికి నేరుగా నల్గొండ ఫ్యాక్టరీ నుంచి కొన్నప్పుడు. ఆ క్రెడిట్ జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) కింద చెల్లదు. చెల్లదు కదా అని చాలామంది అకౌంటెంట్లు దాన్ని జీఎస్‌టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులో అసలు చూపరు. అక్కడే నష్టం. సరైన పద్ధతి: మొత్తం క్రెడిట్‌ను 4(ఎ)లో చూపి, చెల్లనిదాన్ని 4(బి)(1)లో వెనక్కి తిప్పాలి. అలా తిప్పితేనే ఆ 18,000 ఇక ఎవరూ వాడరని వ్యవస్థకు తెలుస్తుంది, సగం 9,000 ఏపీకి సెటిల్ అవుతుంది. చూపకపోతే ఆ డబ్బు ఐజీఎస్టీ ఖాతాలో ఎవరిదో తేలక పడి ఉంటుంది. 2022 జులై 6న వచ్చిన 170వ జీఎస్టీ సర్క్యులర్ ఇదంతా విడమరిచి చెప్పింది. ఆసుపత్రికి ఒక్క పైసా లాభనష్టాలు లేవు, పోయేది రాష్ట్రానికే. అందుకే ఎవరూ పట్టించుకోరు.

సీమగాలి:
ఇన్వాయిస్ గారూ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారు సంగతేంటి? విజయవాడ, అనంతపురం వాళ్లు హైదరాబాద్ వెళ్లి ఫ్రిజ్‌లు, సోఫాలు కొంటారు కదా.

ఇన్వాయిస్:
మంచి ప్రశ్న. 2023 అక్టోబరు 1 నుంచి ఐజీఎస్టీ చట్టం 10(1)(సిఎ) అమల్లో ఉంది. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లు మీద ఉంటే ఆ చిరునామా ఉన్న రాష్ట్రమే సరఫరా స్థలం. రాష్ట్రం పేరు రాసినా చాలు, చిరునామా నమోదైనట్టే. ఏమీ రాయకపోతే అమ్మిన దుకాణం ఉన్న రాష్ట్రం. 80,000 సోఫా మీద 18 శాతం అంటే 14,400, అందులో రాష్ట్ర భాగం 7,200. బిల్లు మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటే ఏపీకి, లేకపోతే తెలంగాణకు. అదే హైదరాబాద్ మనిషి బెంగళూరులో కొన్నా ఇదే న్యాయం.

ఆన్‌లైన్ సేవలకు ఇంకా గట్టిగా ఉంది. సినిమా చందాలు, ఆన్‌లైన్ కోర్సులు, మొబైల్ యాప్‌ల సేవల్లో మొత్తం ఎంత చిన్నదైనా కొనుగోలుదారు రాష్ట్రం పేరు బిల్లులో ఉండాలని 2024 డిసెంబరు 31 నాటి 242వ సర్క్యులర్ స్పష్టం చేసింది. అది రాయకుండా అమ్మే కంపెనీ తన సొంత రాష్ట్రాన్నే సరఫరా స్థలంగా చూపితే, మిగతా రాష్ట్రాల సొమ్ము ఆ ఒక్క రాష్ట్రానికి పోతుంది.

పొరపాటున ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కట్టేసినవాళ్లు భయపడక్కర్లేదు. సరైన పన్ను కట్టేయాలి, దాని మీద వడ్డీ ఉండదు. తప్పుగా కట్టినదాన్ని, సరైనది కట్టిన తేదీ నుంచి రెండేళ్లలోగా రీఫండ్ అడగాలి. సెక్షన్ 77, రూలు 89(1ఎ). ఇక్కడ జనం చేసే తప్పు ఏమిటంటే, పాతది రీఫండ్ వచ్చాక కొత్తది కడదామని ఆగడం. ముందు కట్టాలి, తర్వాతే అడగాలి.

కృష్ణాతీరం:
అద్భుతంగా చెప్పారు. జీఎస్టీ మండలిలో కేంద్రానిదే పైచేయి అంటారు, అది నిజమా?

లెక్కలపద్దు:
ఆపగల శక్తి వరకు నిజం, నడిపించే శక్తి వరకు కాదు. 279ఎ అధికరణం ప్రకారం కేంద్రం ఓటుకు మూడో వంతు తూకం, హాజరై ఓటేసిన రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. కేంద్రం ఒక్కటే కాదంటే 33.3 శాతం పోతుంది కాబట్టి ఏదీ నెగ్గదు. మరోవైపు 28 రాష్ట్రాలు, ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూకశ్మీర్ కలిపి 31. అందరూ వస్తే ఒక్కోదానికి 2.15 శాతం. 12 రాష్ట్రాలు కలిసి నిలబడితే 25.8 శాతం అవుతుంది, కేంద్రం తీర్మానాన్ని ఆపేయొచ్చు. 11 అయితే ఆగదు. కేంద్రం తన మాట నెగ్గించుకోవాలన్నా కనీసం 20 రాష్ట్రాలను కూడగట్టాలి. ఇంకో విశేషం: ఉత్తరప్రదేశ్ ఓటుకూ సిక్కిం ఓటుకూ ఒకే తూకం.

ఈ లెక్క వల్లే మండలి ఏళ్ల తరబడి ఓటింగు లేకుండా, ఏకాభిప్రాయంతోనే నడిచింది. మొదటిసారి ఓటింగు పెట్టింది 2019 డిసెంబరులో, లాటరీల మీద పన్ను రేటు విషయంలో. 2022 మేలో సుప్రీంకోర్టు మోహిత్ మినరల్స్ తీర్పులో మండలి సిఫార్సులు పార్లమెంటునూ, శాసనసభలనూ కట్టిపడేయవని చెప్పింది. అయినా ఏ రాష్ట్రమూ తన దారి తాను చూసుకోలేదు. వేరుపడితే ఐజీఎస్టీ గొలుసే తెగుతుందని అందరికీ తెలుసు.

కోవిడ్ ఏడాది దీనికి అసలు పరీక్ష. 2015-16ను ఆధారంగా తీసుకుని ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన, జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు వచ్చే లోటును ఐదేళ్లు పూడుస్తామని 2017లో చట్టంలో రాశారు. వసూళ్లు పడిపోయేసరికి ఆ లోటు పూడ్చడానికి వేసిన పరిహార సెస్సు చాలలేదు. ఎవరు అప్పు చేయాలని నెలల తరబడి గొడవ. చివరికి కేంద్రం 2020-21లో 1.1 లక్షల కోట్లు, 2021-22లో 1.59 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ అప్పు తీర్చడానికే సెస్సు గడువును 2026 మార్చి 31 దాకా పొడిగించారు. దేశమంతా సెస్సు కట్టిన వినియోగదారులే దాన్ని తీర్చారు. ఆ గొడవ మొదట్లోనే తేలి ఉంటే రాష్ట్రాలు అంత ఇబ్బంది పడేవి కావు. వివాదాల పరిష్కారానికి విడిగా యంత్రాంగం పెట్టుకోవాలని 279ఎ(11)లోనే ఉంది. ఇన్నేళ్లయినా అది పెట్టుకోలేదు. ఇందులో కేంద్రానిది ఎంత తప్పో రాష్ట్రాలదీ అంతే.

పల్లెపద్దు:
ఢిల్లీ, రాష్ట్రం అయ్యాయి కాబట్టి ఊరి సంగతి. కేంద్రం మాకు వాటా ఇవ్వట్లేదని అడిగే రాష్ట్రం, తన కింద ఉన్న పంచాయతీకి ఏమిస్తోంది? 243ఐ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి, దాని సిఫార్సుల మీద ఏం చేసిందో శాసనసభ ముందు పెట్టాలి. చాలా రాష్ట్రాలు దీన్ని నానబెట్టాయి. చివరికి 15వ ఆర్థిక సంఘమే షరతు పెట్టాల్సి వచ్చింది: 2024 మార్చిలోగా ఈ పని పూర్తిచేయని రాష్ట్రానికి ఆ తర్వాత స్థానిక సంస్థల గ్రాంటు ఇవ్వొద్దని.

2021-26లో పంచాయతీకి వచ్చే కేంద్ర గ్రాంటులో 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం కాదు. మిగతా 60లో 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యానికి. ఇది ఆగిపోయే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. గడిచిన ఏడాది జమాఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ అనే పంచాయతీల లెక్కల సైటులో మూసేయకపోవడం. ఆడిట్ నివేదిక ఆన్‌లైన్‌లో పెట్టకపోవడం. ఊరి ప్రణాళికలో లేని పనికి చెల్లింపు పెట్టడం. సర్పంచి, కార్యదర్శి డిజిటల్ సంతకాల గడువు ముగిసి చెల్లింపు ఫైలు మధ్యలో నిలిచిపోవడం. కేంద్రం నుంచి డబ్బు వచ్చాక రాష్ట్రం పది పనిదినాల్లో పంచాయతీకి పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో పంపాలి. ఈ వడ్డీ నిబంధన ఉన్నట్టు సర్పంచులకే చాలామందికి తెలియదు.

అన్నిటికన్నా పెద్ద షరతు, ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన, కేంద్ర గ్రాంటు నిలిచిపోయింది. వీధి దీపం బల్బుకు, ట్రాక్టరు డీజిలుకు వెతుక్కునే పరిస్థితి వచ్చింది. ఆ డబ్బు ఢిల్లీ ఎగ్గొట్టింది కాదు. సమయానికి ఎన్నిక పెట్టకపోవడం వల్ల ఆగింది.

ఓరుగల్లు:
ఇది మా రాష్ట్రం తప్పే, దాచేదేం లేదు. రిజర్వేషన్ల మీద కోర్టు కేసులు, వాయిదాలు ఎన్ని ఉన్నా ఊర్లకు రావాల్సిన పైసలు ఆగొద్దు.

పల్లెపద్దు:
కేంద్ర పథకాల్లోనూ ఇదే కథ అండీ. ఖర్చు 60:40 నిష్పత్తిలో పంచుకునే పథకాల్లో కేంద్ర భాగం వచ్చిన 30 రోజుల్లో రాష్ట్రం దాన్ని ఆ పథకానికే తెరిచిన నోడల్ ఖాతాకు పంపాలి. లేకపోతే ఏడాదికి 7 శాతం వడ్డీ. తన 40 కూడా వేయాలి. ఇంతకుముందు ఇచ్చినదాంట్లో 75 శాతం ఖర్చయితేనే తర్వాతి విడత వస్తుంది. రాష్ట్ర ఖజానాకు ఆ నెల జీతాలో పింఛన్లో అడ్డం వస్తాయి, 40 పడదు, విడత ఆగుతుంది, కాంట్రాక్టరు పని ఆపేస్తాడు. ఊరివాళ్లకు కనిపించేది సగంలో ఆగిన తాగునీటి ట్యాంకు. కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, రాష్ట్రం వాటా వేయలేదని కేంద్రం. రెండు మాటలూ ఒకేసారి నిజమయ్యే సందర్భాలు ఎక్కువ.

సీమగాలి:
డబ్బు లెక్క దగ్గర కనిపించిన జనాభా సమస్యే రాజకీయంలోకి వస్తోంది. లోక్‌సభ సీట్లు ఇప్పటికీ 1971 జనాభా మీదే ఉన్నాయి. 42వ సవరణ 2001 దాకా, 84వ సవరణ 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆపింది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన ప్రకటించారు కాబట్టి ప్రశ్న ముంగిట్లోకి వచ్చినట్టే.

2011 జనాభాతో మామూలు భాగహారం చేస్తే ఇలా ఉంటుంది. 121 కోట్లను 543తో భాగిస్తే సీటుకు 22.3 లక్షలు. ఏపీ 25 నుంచి 22కు, తెలంగాణ 17 నుంచి 16కు. ఉత్తరప్రదేశ్ 80 నుంచి 90కి, బీహార్ 40 నుంచి 47కు. 2011 తర్వాత తేడా ఇంకా పెరిగే ఉంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటు సంతానం ఏపీలో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3.0.

ఇటు బీహారు ఓటరు వైపు నుంచీ చూడాలి. అక్కడ ఒక ఎంపీ 26 లక్షల మందికి, తమిళనాడులో 18.5 లక్షల మందికి. 'నా ఓటు విలువ ఎందుకు తక్కువ' అని అతను అడిగితే అదీ న్యాయమే. సభలో సీట్ల మొత్తం పెంచి ఏ రాష్ట్రానికీ తగ్గకుండా చూడొచ్చు, కానీ అప్పుడూ మన శాతం తగ్గుతుంది. సీట్ల సంఖ్య ఎంత అన్నదాని కన్నా, 543లో 42 అంటే మనకున్న 7.7 శాతం ఎంతవుతుందో చూడాలి.

లెక్కలపద్దు:
అందుకే ఈ రెండింటినీ ఒకేచోట కూర్చుని మాట్లాడాలి. ఆర్థిక సంఘంలో జనాభా నియంత్రణకు 12.5 శాతం తూకం ఇచ్చింది, 2011 జనాభా వాడటంపై దక్షిణాది అభ్యంతరం చెప్పాకే. సంతాన రేటు విలోమాన్ని 1971 జనాభాతో గుణించి ఆ వాటా లెక్కగట్టారు. పూర్తి న్యాయం కాకపోయినా, అభ్యంతరం అంకెల రూపంలో వెళ్తే సూత్రం మారుతుందని అది చూపింది. సీట్ల విషయంలోనూ అలాంటి సర్దుబాటు సూత్రాన్ని బల్ల మీద పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి పెట్టగలవు. విభజనప్పుడు 58.32:41.68 లెక్కన అప్పులు పంచుకుని, ఇంకా విభజన చట్టంలోని 9వ, 10వ షెడ్యూళ్ల సంస్థల దగ్గర తగువులాడుకుంటూ ఢిల్లీలో విడివిడిగా మాట్లాడితే బలం రాదు.

కృష్ణాతీరం:
చివరగా ఒకటి. మామూలు పాఠకుడు ఇవన్నీ చదివి రేపు ఏం చూడగలడు?

ఇన్వాయిస్:
పక్క రాష్ట్రంలో పెద్ద వస్తువు కొంటే బిల్లు మీద మీ రాష్ట్రం పేరు రాయించండి. అందులో ఐజీఎస్టీ పడిందా, సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీ పడ్డాయా చూడండి. చిరునామా ఏపీ అని ఉండి ఎస్‌జీఎస్టీ పడితే అది తప్పు బిల్లు, అక్కడికక్కడే మార్పించండి. ఆన్‌లైన్ ఖాతాల్లో పిన్‌కోడ్ పాతది ఉంటే సరిచేయండి. అకౌంట్లు చూసేవాళ్లు ఈ నెల 3బి వేసేముందు 4(బి)(1) గడి ఖాళీగా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, బ్యాంకుల రిటర్నుల్లో అది సున్నా ఉంటే దాదాపు తప్పు ఉన్నట్టే.

పల్లెపద్దు:
ఈ-గ్రామస్వరాజ్ సైటులో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఈ ఏడాది ఆమోదించిన పనులు, వచ్చిన మొత్తం, చెల్లింపులు కనిపిస్తాయి, లాగిన్ అక్కర్లేదు. గ్రామసభకు వెళ్లేముందు ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లండి. ముందుగా అడగాల్సింది పోయిన ఏడాది ఆడిట్ అప్‌లోడ్ అయిందా లేదా అని. కాలేదంటే తర్వాతి విడతకు ముప్పు ఉన్నట్టే, ఆ మాట మినిట్స్‌లో రాయించండి.